పిలుపులు తగ్గాయా, నేనే తగ్గించుకున్నానా?

తెనాలి మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా వయస్సు 71. ముప్పైనాలుగేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. మూడేళ్ళ క్రితం మా ఆవిడ కాలం చేసింది. ఆ మరుసటి ఏడాది స్నానాల గదిలో కాలు జారి పడితే తుంటి ఎముక విరిగి, బంతి మార్చే శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఒంటరిగా తెనాలిలో ఉండడం కుదరదని మా అబ్బాయి హైదరాబాదుకు తీసుకువచ్చాడు. ఇప్పుడు మియాపూర్‌లో ఆరో అంతస్తులో ఉంటున్నాను. కొడుకు, కోడలు, మనవరాలు నన్ను ఎంతో ప్రేమగా చూసుకుంటున్నారు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇటువంటి ప్రశ్న వేయగానే చాలామంది పిల్లలను తిట్టడం మొదలుపెడతారు, అది నాకు ఇష్టం లేదు.

కిందటి మాఘమాసంలో మా పాత ప్రధానోపాధ్యాయుని మనవడి పెళ్ళికి తెనాలి వెళ్ళాను. భోజనాల దగ్గర నాతోపాటు పదేళ్ళు పనిచేసిన సోషల్ మాస్టారు నా పక్క కుర్చీలో కూర్చుని ఏదో చెప్పారు. వెనుక మేళం మోగుతోంది, పైన మైకు, చుట్టూ వడ్డించేవారి కేకలు. నా చెవికి అందింది రెండే మాటలు: "మా ఆవిడ", "వెళ్ళిపోయింది". నేను నవ్వుతూ, "అమ్మాయి దగ్గరికా? మంచిదే, నాలుగు రోజులు ఉండి రానివ్వండి" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూసి, తల వంచుకుని, విస్తరిలో అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు. ఆమె నెల క్రితం చనిపోయిందని చేతులు కడుక్కునే చోట వేరొకరు చెబితే తెలిసింది. భార్యను పోగొట్టుకున్నవాడి బాధ ఏమిటో తెలిసిన నేను, సాటివాడికి ఆ సమాధానం చెప్పాను. ఆయనను వెతుక్కుంటూ వెళ్ళేసరికి వెళ్ళిపోయారు.

ఆ తరువాత వచ్చిన పిలుపులన్నింటికీ కాలు నొప్పి సాకు చెప్పాను. ఒక గృహప్రవేశం, ఒక షష్టిపూర్తి, మా విశ్రాంత ఉపాధ్యాయుల నెలవారీ సమావేశం, ఇలా ఒక్కొక్కటి. రెండు నెలల క్రితం మా వాళ్ళు పద్నాలుగు మంది కలిసి శ్రీశైలం వెళ్ళివచ్చారు. ఆ సంగతి వాట్సాప్‌లో ఫోటోలు చూసి తెలుసుకున్నాను. వారిలో ఒకాయన నాకంటే ఐదేళ్ళు పెద్ద, చేతికర్ర లేనిదే అడుగు వేయరు. నన్ను మాత్రం "వస్తారా" అని మాటవరుసకైనా అడగలేదు. పెద్ద వయస్సులో ఇంత చిన్న విషయానికి బాధపడడం నాకే నామోషీగా ఉంది గాని, రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇంట్లో పాలప్యాకెట్ తేబోతే "మీరెందుకు నాన్నా" అంటారు. మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించబోతే "మీరు కూర్చోండి మామయ్యగారూ" అంటారు. అది ప్రేమేనని తెలుసు. అయితే వానాకాలంలో తాటిదుంగ మీదుగా కాలువ దాటి బడికి వెళ్ళిన నేను, ఈరోజు లిఫ్టు గడపకూ నేలకూ మధ్య ఉన్న రెండు వేళ్ళ సందు చూసి ఆగిపోతున్నాను. బంతి ఎముకలో చక్కగా కుదిరిందని ఎక్స్‌రే చూసి డాక్టరుగారు చెప్పారు. ఎముకకు తగ్గినది మనస్సుకు ఎందుకు తగ్గలేదు? నన్ను లోకం పక్కన పెట్టిందా, లేక నేనే పక్కకు జరిగి లోకాన్ని తప్పుపడుతున్నానా? తెలిసినవారు మొహమాటం లేకుండా చెప్పగలరు.

గుంటూరు ఫిజియో:

మాస్టారూ, నమస్కారం. పడిపోయి లేచినవారిని మళ్ళీ నడిపించడమే ఇరవై రెండేళ్ళుగా నా వృత్తి. మీరు వ్రాసిన లిఫ్టు గడప మాట నేను వారానికి ఒకరి నోటనైనా వింటాను. కొందరికి అది లిఫ్టు, కొందరికి గుడి మెట్టు, ఒక పెద్దాయనకు బస్సు ఫుట్‌బోర్డు. ముందుగా ఒక మాట: ఇది పిరికితనం కాదు. పడిపోతానన్న భయాన్ని వైద్యులు విడిగా కొలుస్తారు. 1990లో అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టి, ఆమె సహచరులు దీనికోసం పది ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. స్నానం చేయడం, కుర్చీలో కూర్చుని లేవడం, తలుపు తీయడానికో ఫోను ఎత్తడానికో వెళ్ళడం వంటి నిత్యకృత్యాలను పడిపోకుండా చేయగలనన్న నమ్మకం ఎంత ఉందని అందులో అడుగుతారు. ఆ ప్రశ్నలు కాలి బలం గురించి కావు, కాలి మీద మనిషికి ఉన్న నమ్మకం గురించి. ఈ రెండూ ఒకటి కావు. కండ బాగుండి నమ్మకం లేనివారిని చూశాను. నమ్మకం దండిగా ఉండి కండ లేనివారినీ చూశాను. వీరే ఎక్కువ ప్రమాదం తెచ్చుకుంటారు.

భయం వల్ల మనిషి కదలడం తగ్గిస్తాడు. కదలిక తగ్గితే తొడ కండరాలు కరుగుతాయి, నిలదొక్కుకునే శక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు భయం నిజంగానే సబబవుతుంది. ఎక్స్‌రేలో కనబడేది ఎముక మాత్రమే గనుక మీ డాక్టరుగారు చెప్పింది తప్పు కాదు, అది సగం సంగతి.

"ధైర్యంగా ఉండండి" అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. ఆ మాట వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదని నా అనుభవం. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, ఒక పని తన వల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి ఎక్కడెక్కడి నుండి వస్తుందో వివరిస్తూ నాలుగు మూలాలు చెప్పాడు. అన్నింటికంటే బలమైనది ఆ పనిని తానే చేసి నెగ్గిన అనుభవం. తనలాంటివాడు చేయగా చూడడం మరొకటి. నమ్మదగినవారు చెప్పే మాట మూడోది, దాని బలం తక్కువ. ఇక నాలుగోది తన ఒంటిలోని దడను, ఆయాసాన్ని మనిషి అర్థం చేసుకునే తీరు. ఇప్పుడు మీ ఇంటి సంగతి చూడండి. పాలప్యాకెట్ తెచ్చే అవకాశాన్ని మీ వాళ్ళు ప్రేమతోనే తీసివేశారు, అంటే రోజూ ఒకసారి నెగ్గే అవకాశం పోయింది. చేతికర్రతో శ్రీశైలం వెళ్ళివచ్చిన ఆ 76 ఏళ్ళ పెద్దాయన మీకు రెండో మూలం కావలసింది. మీరు ఆయనను చూసి నొచ్చుకున్నారు. ఆయనకు ఫోను చేసి మెట్లు ఎలా దిగారో అడగండి.

రేపు ఉదయం ఒక చిన్న పరీక్ష చేయండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, పక్కన మీ అబ్బాయిని నిలబెట్టుకుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. తుంటి ఆపరేషన్ అయినవారు గనుక కుర్చీ మరీ పల్లంగా ఉండకూడదు; మీ సర్జన్‌ను ఒకసారి అడిగి మొదలుపెట్టడం మంచిది. 70 నుండి 74 ఏళ్ళ మగవారు పన్నెండుసార్లకంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్లని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పట్టిక చెబుతుంది. లెక్కలు చెప్పినవారు కాబట్టి ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి వ్రాసుకోండి. వారం తరువాత మళ్ళీ చేయండి. లిఫ్టు గడప కూడా అంతే: మొదటి మూడు రోజులు దాటి వెనక్కి రావడమే పని, తరువాత కింది అంతస్తు వరకు, ఆపైన గేటు వరకు. పాలప్యాకెట్ మాత్రం రేపటి నుండే మీరు తేవాలి. తెల్లవారుజామున లేవగానే కళ్ళు తిరగడం ఉంటే బీపీ మాత్రల సంగతి, నిద్రమాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడకుండా ఇవేవీ చేయవద్దు.

ఇక చెవి. మీ ప్రశ్న మొత్తంలో నాకు ముఖ్యంగా కనబడినది అదే, మీరు మాత్రం దానిని ఒక అవమానంగా చెప్పి వదిలివేశారు. వయస్సుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి శబ్దాలు. అచ్చులు వినబడతాయి, స, శ, త, క వంటి హల్లులు జారిపోతాయి. అందుకే "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఊహతో నెట్టుకురావచ్చు, పెళ్ళిపందిరిలో ఆ ఊహ పనిచేయదు. ఊహించి ఊహించి మెదడు అలసిపోతుంది, మనిషి మాటల మధ్య నుండి లేచి వెళ్ళిపోతాడు, చూసేవారు "ఆయనకు మన మధ్య ఉండడం ఇష్టం లేదు" అనుకుంటారు. తీవ్ర మతిమరుపు వ్యాధిని నివారించే మార్గాలపై లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2020లో ఇచ్చిన నివేదికలో, మనం సరిచేసుకోగల పన్నెండు కారణాలలో వినికిడి లోపమూ ఉంది, సామాజిక ఒంటరితనమూ ఉంది. మీ విషయంలో రెండోది మొదటిదాని నుండి పుట్టింది. చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్ళి, ముందు గుబిలి ఉందేమో చూపించుకుని, తరువాత శ్రవణ పరీక్ష చేయించుకోండి. పెళ్ళిళ్ళలో గోడకు వీపు ఆనే చోట కూర్చోండి, మాట్లాడేవారి ముఖం మీద వెలుగు పడేలా చూసుకోండి.

మరొక్క మాట. అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం రెండు వారాలకు మించి ఉంటే అది వయస్సు వల్ల అని సరిపెట్టుకోకూడదు. కుంగుబాటుకు మందు ఉంది. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

గోదావరి గట్టు:

మాస్టారుగారికి నమస్కారం. ఫిజియోగారు చెప్పినదంతా బాగుంది. నా మోకాళ్ళకు కూడా ఆ కుర్చీ పరీక్ష చేసుకుంటాను. అయినా ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే ఈ చర్చ సగమే అవుతుంది.

నాకు 66 ఏళ్ళు. మాది రాజమహేంద్రవరం. మావారు పోయి ఐదేళ్ళయింది. నా చెవులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి, షుగరు ఉంది గాని అదుపులో ఉంది. రోజూ తెల్లవారుజామున గట్టు మీద మూడు కిలోమీటర్లు నడుస్తాను. బ్యాంకు పనులన్నీ నేనే చూసుకుంటాను. నా వల్ల కాదన్న భావం నాలో ఎన్నడూ లేదు. అయినా కిందటి ఏడాది మా మేనకోడలి సీమంతానికి వెళితే జరిగింది ఇది: గాజులు తొడిగే సమయానికి మా వదినగారు చాలా మృదువుగా నా చేయి పట్టుకుని, "లోపల గదిలో ఫ్యాను కింద కూర్చో, ఇక్కడ ఉక్కగా ఉంది" అన్నది. ఆ గదిలో అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. ముగ్గురమూ భర్తలు లేనివాళ్ళమే. ఫ్యాను తిరుగుతోంది. తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులో నుండి గాజుల చప్పుడు వినబడింది. చెవులు బాగుండడం వల్ల అన్నీ వినబడ్డాయి.

మీకు పిలుపులు తగ్గాయి. మాకు పిలుపు వస్తుంది, శుభలేఖ మీద పేరు ఉంటుంది, వెళ్ళాక గది వేరుగా ఉంటుంది. కాబట్టి "నన్ను లోకం పక్కన పెట్టింది" అనే మాట వాడేటప్పుడు, అది భావనే అయిన సందర్భాన్నీ, నిజంగానే జరిగిన సందర్భాన్నీ వేరు చేయాలి. ఆత్మవిశ్వాసం పెంచుకోమని నాకు ఎవరైనా చెబితే కోపం వస్తుంది. వీరేశలింగం పంతులుగారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు మాది. నూట నలభై ఏళ్ళు దాటాక కూడా తాంబూలం పళ్ళెం నా ముందు ఆగకుండా పక్కవారి దగ్గరకు వెళుతుంటే, దిద్దుకోవలసినది నా ఆత్మవిశ్వాసమా?

ఆ సీమంతం తరువాత ఆరు నెలలు నేను ఏ శుభకార్యానికీ వెళ్ళలేదు. గట్టు మీదకు వెళ్ళడం కూడా మానివేశాను. ఎందుకు మానానో ఇప్పటికీ సరిగా చెప్పలేను, గట్టు మీద నన్ను ఎవరూ ఏమీ అనలేదు కదా. ఆ కాలంలోనే షుగరు అదుపు తప్పింది. మళ్ళీ నడక మొదలుపెట్టించింది మా ఎదురింటి పద్నాలుగేళ్ళ పిల్ల. పరీక్షలకు తెల్లవారుజామున చదువుకుంటూ నిద్ర వస్తోందని, నాతో పాటు నడుస్తూ పాఠాలు అప్పజెపుతానని వచ్చింది. మా మేనకోడలికి బిడ్డ పుట్టాక బారసాలకు పిలిచారు. వెళ్ళాను. "ఉక్కగా ఉంది" అని మళ్ళీ అన్నారు. "నాకు ఉక్కగా లేదు వదినా" అని అక్కడే కూర్చున్నాను. ఆమె మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగా మాట్లాడడం లేదు.

డాలస్ అబ్బాయి:

ఈ ప్రశ్న చదివి మా నాన్నగారే వ్రాశారేమోనని ఒక క్షణం ఉలిక్కిపడ్డాను. ఏటా ఆరు నెలలు ఆయన మా దగ్గర ఉంటారు. ఇక్కడ కారు లేనిదే కూరగాయల దుకాణానికి కూడా వెళ్ళలేరు, ఆయన కారు నడపరు, మేము సాయంత్రం వరకు ఇంటికి రాము. కరీంనగర్‌లో నలుగురి తగవులు తీర్చిన మనిషి ఇక్కడ వాషింగ్ మెషీన్ ముట్టుకోవడానికి కూడా నన్ను అడుగుతారు. "మీరెందుకు నాన్నా" అన్న మాట నేనూ రోజుకు పదిసార్లు అంటాను. నిజం చెప్పాలంటే అందులో ప్రేమ ఎంతో, త్వరగా పని తెమలాలన్న తొందర కూడా అంతే. ఆయన పాత్రలు కడిగితే నాకు అరగంట ఆలస్యమవుతుంది, అందుకే వద్దంటాను. మాస్టారూ, మీ అబ్బాయిని కూడా ఈ పేజీ చదవమనండి.

తెనాలి మాస్టారు (మూడు వారాల తరువాత):

అందరికీ కృతజ్ఞతలు. జరిగినవి జరిగినట్లు వ్రాస్తాను.

కుర్చీ పరీక్షలో మొదటి రోజు ఏడు. నిన్న తొమ్మిది. పన్నెండుకు ఇంకా మూడు తక్కువ. పాలప్యాకెట్ నేనే తెస్తున్నాను. మొదటి రోజు మా అబ్బాయి నాకు తెలియకుండా మెట్ల మీదుగా కిందికి దిగి, స్తంభం చాటున నిలబడ్డాడు. చూసీ చూడనట్లు వచ్చేశాను.

చెవిలో నిజంగానే గుబిలి ఉంది, కుడి చెవిలో ఎక్కువ. అది తీసిన తరువాత కూడా రెండు చెవులలో మధ్యస్థాయి లోపం ఉందని పరీక్షలో తేలింది. వారం రోజులు వాడి చూడమని వినికిడి యంత్రాలు ఇచ్చారు. మొదటి రోజు దినపత్రిక పేజీ తిప్పితే రేకు మడిచినంత చప్పుడు వినబడింది. మా మనవరాలు నాతో మాట్లాడేటప్పుడు ఇంతకాలం ఎంత గట్టిగా అరిచేదో ఇప్పుడు తెలిసింది. పాపం, దానికి అది అలవాటైపోయి ఇంకా అరుస్తూనే ఉంది.

శ్రీశైలం వెళ్ళిన 76 ఏళ్ళ పెద్దాయనకు ఫోను చేశాను. మెట్ల సంగతి అడగబోయి, నన్నెందుకు పిలవలేదని అడిగేశాను. "మాస్టారూ, మీరు మూడుసార్లు రానన్నారు. నాలుగోసారి అడిగితే మీ కాలు బాధను గుర్తుచేసినట్లవుతుందని ఊరుకున్నాం" అన్నారు. ఆయన స్వయంగా శిఖరం మెట్లు ఎక్కలేదట, కింద కూర్చుని అందరి చెప్పులకు కాపలా కాశారట. ఫోటోలో ఆ సంగతి కనబడలేదు.

సోషల్ మాస్టారికి ఫోను చేయడానికి నాలుగు రోజులు పట్టింది. క్షమాపణ చెప్పి, ఆ రోజు నాకు వినబడలేదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అన్నారు: "ఆ రోజు పెళ్ళిలో ప్రతివారూ ఓదార్చారు. మీరొక్కరే ఆమె తిరిగి వస్తుందన్నట్లు మాట్లాడారు. ఇంటికి వెళ్ళాక ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది, ఆ తరువాత చాలాసేపు ఏడ్చాను." వచ్చే నెల సమావేశానికి వస్తే తమ ఇంట్లోనే దిగమన్నారు. లింగంపల్లి నుండి పగటి రైలుకు టిక్కెట్టు తీసుకున్నాను. అబ్బాయి తోడు వస్తానన్నాడు. వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

గోదావరి గట్టు అమ్మగారికి ఒక మాట. మీ ఉత్తరం చదివినప్పటి నుండి నాకు మా ఇంట్లోనే జరిగిన మా కోడలి సీమంతం గుర్తుకు వస్తోంది. మా ఆవిడ అక్కగారు ఆ రోజంతా వెనుక గదిలో ఉన్నారు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని అనుకున్నాను. అనుకున్నానో, అలా అనుకోవడం సులువని ఊరుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఆమె ఇంకా ఉన్నారు, ఒంగోలులో. ఫోను నంబరు మా కోడలి దగ్గర తీసుకున్నాను.

ఫిజియోగారూ, ఒక సందేహం. ఈ యంత్రాలు పెట్టుకున్నప్పటి నుండి వంటింట్లో కుక్కరు కూత భరించలేకపోతున్నాను, తీసి పక్కన పెట్టాలనిపిస్తోంది. ఇది అలవాటవుతుందా, లేక శబ్దం తగ్గించమని మళ్ళీ వారి దగ్గరకు వెళ్ళాలా? రైలు ఎక్కేలోపు తెలిస్తే బాగుంటుంది.